ఉద్దనపల్లి రాతిగదిలో ఇద్దరు

నా పదవీ విరమణకు ఇంకా మూడు నాలుగేళ్ళు ఉందనగా, ఒక మాఘమాసంలో నన్ను హోసూరు దగ్గర ఉద్దనపల్లికి డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి మా సంస్థలో నేను సీనియర్ ఫిజికల్ ఆంత్రొపాలజిస్టును. ఆ హోదా పేరు వినగానే చాలామంది నేను కొండల్లో తిరిగి పాటలూ ఆచారాలూ సేకరిస్తాననుకునేవారు. నా పని అది కాదు. తవ్వకాల్లో బయటపడిన మనిషి ఎముకలను చూసి, ఆ మనిషి ఆడో మగో, ఏ వయసులో పోయారో, ఏం తిన్నారో, ఏ జబ్బుతో బతికారో, ఎక్కడ పుట్టి ఎక్కడికి వచ్చారో చెప్పగలిగినంత చెప్పడం. చెప్పలేనిది చెప్పలేనని రాయడం. నా నివేదికల్లో రెండోదే ఎక్కువగా ఉండేది.

ఉద్దనపల్లి దాటి రాయకోట వైపు వెళ్ళే దారిలో రామచంద్రప్ప అనే రైతు, టమాట వేయడానికి గుట్ట వార చేను చదును చేయించాడు. జేసీబీ ఒక పెద్ద బండను కదిలించింది. కింద నాలుగు వైపులా రాతిపలకలు నిలబెట్టి కట్టిన గది. కృష్ణగిరి చుట్టుపక్కల ఇవి కొత్త కాదు. ఇనుము వాడడం నేర్చుకున్న కాలంలో, రెండు రెండున్నర వేల ఏళ్ళ కిందట, చనిపోయినవాళ్ళను ఇలాంటి గదుల్లో పెట్టేవారు. జనం వీటిని పాండవుల ఇండ్లు అంటారు. తవ్వకం బాధ్యత సెల్వరాజన్ అనే పురావస్తు అధికారికి అప్పగించారు. నాకన్నా చిన్నవాడు, తమిళుడు, పద్ధతి అంటే పద్ధతే. కుండలు తీస్తుండగా మనిషి ఎముక కనపడగానే చేతిపని ఆపించి, దానిమీద తడిగుడ్డ కాకుండా పొడి మట్టే తిరిగి కప్పించి, నాకు కబురు పెట్టాడు. ఈ ఒక్క జాగ్రత్త తెలియక ఎన్నో చోట్ల ఎముకలు నా కళ్ళ ముందే పొడి అయిపోయాయి.

నాకు మత్తిగిరిలో ఒక అద్దె ఇంట్లో బస. పొద్దున్నే జీపు వచ్చేది. మంచు విడిచేసరికి బాగా పొద్దెక్కేది కాబట్టి, మొదటి రెండు గంటలు రామచంద్రప్ప ఇంటి వసారాలోనే కూర్చునేవాళ్ళం. ఊళ్ళో కాదు, చేలోనే కట్టుకున్న ఇల్లు. ఆ ఇల్లాలు సరోజమ్మ. వయసు యాభై దాటి కొంచెం. ఆమెను మొదటిసారి చూసినప్పుడే నా కళ్ళు ఆమె మెడ మీద ఆగాయి. పక్కకు చూడాలంటే తల తిప్పేది కాదు, మనిషంతా తిరిగేది. పొయ్యి దగ్గర ఎత్తు పీట మీద కూర్చుని వండేది. వంగి నేల మీద గిన్నె తీసుకోలేక కాలితో దగ్గరికి జరుపుకుని, ఎవరైనా అందిస్తారేమోనని చూసేది.

ఆమెకు మేము రావడం ఇష్టం లేదు. దాచుకోలేదు కూడా.

"మీరు ఆడమనిషి కదమ్మా, మీకన్నా తెలియదా? పడుకొన్నోళ్ళను ఏమిటికి లేపుతారు?" అని నన్నే అడిగింది.

కారణం కూడా ఆమే చెప్పింది. చాలా ఏళ్ళ కిందట ఆమె మామగారు ఇలాంటి బండనే ఒకదాన్ని పెకలించి తెచ్చి పశువుల కొట్టంలో నేలకు పరిచాడట. "ఆయన నడుము కట్టె మాదిరి బిగిసిపోయి, మంచంలోనే చచ్చిపోయినాడు. తరువాత నాది బిగిసింది. బిడ్డ పండ్లు చూసినారా? ఈ ఇంటిని పాండవులు విడిచేది లేదు. ఇంగ దాని కడుపులో ఉండేది ఎట్లా పుడుతుందో అని నాకు నిద్ర లేదు."

బిడ్డ అంటే కూతురు పవిత్ర. బర్గూరులో ఇంజినీరింగు చదివి, హోసూరులో ఒక కంపెనీలో పనిచేస్తూ, మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెమ్మదస్తురాలు. మాట్లాడేటప్పుడు కుడిచేయి దానంతట అదే నోటి మీదికి వెళ్ళేది. నవ్వు వస్తే మొహం పక్కకు తిప్పేసేది. ఎంత దాచినా ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలు కనపడేవి. చారలు అని మర్యాదకు అంటున్నాను. కొన్నిచోట్ల పంటి మీది పింగాణి పొర గుంటలు పడి ఉంది. తల్లి పళ్ళు మాత్రం తెల్లగా ఉండేవి.

ఇవన్నీ చూస్తూనే ఉన్నాను. నేను డాక్టరును కాను, అడగడం మర్యాద కాదు. గది దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని.

ఆ నేల గురించి ఒక మాట చెప్పాలి. గ్రానైటు మీది ఎర్రమట్టి ఎముకను తినేస్తుంది. అందుకే ఆ ప్రాంతపు సమాధుల్లో కుండలు దొరుకుతాయి, ఇనుప కత్తులు దొరుకుతాయి, మనిషి దొరకడు. దొరికితే పళ్ళు దొరుకుతాయి, ఎందుకంటే పంటి మీది పింగాణి పొర ఒంట్లో అన్నిటికంటే గట్టిది. ఈ గదికి మాత్రం పై బండ బిర్రుగా కూర్చుంది, లోపల చేరిన సన్నటి దుమ్ములో సున్నపుగడ్డలు ఉన్నాయి. అందువల్ల ఎముకలు నిలిచాయి. ఇంకో కారణం కూడా ఉందని తరువాత తెలిసింది.

లోపల ఇద్దరున్నారు. ఒకరు తొమ్మిది పదేళ్ళ పిల్ల. పిల్ల అంటున్నాను గాని ఆ వయసు ఎముకల్లో ఆడామగా చెప్పడం కష్టం. రెండోవారు యాభై దాటిన ఆడమనిషి. కటి ఎముకల తీరు చూస్తే అందులో సందేహం లేదు. పిల్ల చుట్టూ ఉన్న మట్టిపొరను ఒకవైపు కోసి పెద్దావిడను పెట్టారు. అంటే పిల్లను ముందు పెట్టి మూసి, కొన్నాళ్ళకో కొన్నేళ్ళకో ఆ బండను మళ్ళీ తీసి, ఆమెను పక్కన చేర్చారు. అంత బండను మళ్ళీ ఎత్తడం చిన్న పని కాదు. కొత్త గది కట్టకుండా ఇక్కడికే తెచ్చారంటే ఆ ఇద్దరికీ ఏదో సంబంధం ఉన్నట్టే. ఏ సంబంధమో ఎముక చెప్పదు. మా వేడి నేలల్లో జన్యుపదార్థం నిలవడం అరుదు. ఇక్కడా నిలవలేదు.

వెదురుదబ్బతో, మెత్తటి కుంచెతో పెద్దావిడ వీపు శుభ్రం చేస్తుండగా ఒక విషయం బయటపడింది. మామూలుగా కండరాలు పోయాక వెన్నుపూసలు ఒక్కొక్కటీ విడివడి పడిపోతాయి. ఆమెవి పడలేదు. మెడ నుంచి నడుము దాకా ఒకటికొకటి ఎముకతోనే అతుక్కుని, వంగిన వెదురు గడలా ఉన్నాయి. పూసలను పట్టి ఉంచే నరంలాంటి పట్టీలు ఎముకగా మారిపోయాయి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పల్చటి పొర కూడా గట్టిపడి, అంచున ముళ్ళు తేలాయి. ఆ ముంజేతి ముక్కను అరచేతిలో పెట్టుకోగానే బరువుగా తగిలింది. అంత పాత ఎముక తేలికగా ఉండాలి.

ఇంకొకటి చూశాం. ఆమెను కుడిపక్కకు పడుకోబెట్టారు. బిగిసిన మెడ నేలకు ఆనదు గనుక తల గాలిలో ఉండాలి. తల కింద ఇసుక ఉంది. గుప్పెడు కాదు, దిండంత. గదిలో మరెక్కడా ఇసుక లేదు, ఆ చేలోనూ లేదు. ఏ వాగు నుంచో మోసుకొచ్చి, తల వేలాడకుండా పోశారు.

సెల్వరాజన్ దాన్ని కొలిచి, గీసి, ఇది ఏదైనా అంత్యక్రియ ఆచారమని రాయనా అని అడిగాడు. కారణం తెలియని ప్రతిదానికీ ఆచారమని రాయడం వాళ్ళ వృత్తిలో అలవాటు. వంగని మెడకు దిండు అని రాయమన్నాను. కాసేపు చూసి అలాగే రాశాడు.

పళ్ళ సంగతి ఆ వారంలోనే తేలింది. పిల్ల పళ్ళ మీద గోధుమరంగు పట్టీలు, చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. ఇలాంటివి కనపడగానే సంబరపడకూడదు. మట్టిలోని మాంగనీసు కూడా పళ్ళకు అలాగే రంగు పట్టిస్తుంది. మట్టి చేసిన మరకా, బతికుండగా వచ్చినదా అని చూడటానికి మా దగ్గర కొన్ని దారులున్నాయి. మట్టి మరక ఎటు పడితే అటు ఉంటుంది. బతుకులో వచ్చినదైతే కుడివైపు ఏ పంటి మీద ఉందో ఎడమవైపు దాని జత మీద కూడా అదే ఎత్తున ఉంటుంది, ఎందుకంటే ఆ జత పళ్ళు చిగురు లోపల ఒకే కాలంలో తయారవుతాయి. ఈ పిల్లకు అలాగే ఉంది. విరిగి ఉన్న ఒక పంటి అంచును భూతద్దం కింద చూస్తే రంగు పైపైన లేదు, పొర లోపలిదాకా ఉంది. అన్నిటికీ మించి, అదే గదిలో, అదే మట్టిలో, మూరెడు దూరంలో పడుకున్న పెద్దావిడ పళ్ళు తెల్లగా ఉన్నాయి. ఒక్క చివరి దవడపళ్ళ మీద, అంటే జ్ఞానదంతాల మీద మాత్రం, లేత గోధుమ గీత కనపడింది.

ఇదంతా కలిపి చూస్తే ఒక జబ్బు వైపే వేలు చూపిస్తుంది. తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే రెండు రకాలుగా చెరుపు చేస్తుంది. పళ్ళు చిగురు లోపల తయారయ్యే చిన్న వయసులో తాగితే పళ్ళు పాడవుతాయి. పళ్ళు తయారైపోయాక తాగితే పళ్ళకు ఏమీ కాదు, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బరువెక్కి, పట్టీలు గట్టిపడి, ఒళ్ళు బిగుసుకుంటుంది. ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది. ఆ పెద్దావిడ ఎక్కడో పుట్టి, జ్ఞానదంతాలు లోపల ఇంకా తయారవుతున్న వయసులో, పదీ పన్నెండేళ్ళ మధ్య, ఈ గుట్ట కిందికి వచ్చి, మిగిలిన బతుకంతా ఇక్కడి నీళ్ళే తాగింది. అలా బరువెక్కిన ఎముక మట్టికి త్వరగా లొంగదు. ఆమె నిలవడానికి రెండో కారణం అదే.

నేను ఇక్కడిదాకా ఆలోచించి, కాగితం మీద ఇంకా పెట్టకముందే, ఒక మధ్యాహ్నం పవిత్ర మజ్జిగ తీసుకుని గుడారం దగ్గరికి వచ్చింది. డాక్టరు నడవమన్నారట. రోజూ ఆ సాకుతో వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. బల్ల మీద పిల్ల దవడ ఉంది. చూడవచ్చా అని అడిగింది. ముట్టుకోకుండా చూడమని భూతద్దం ఆమె వైపు తిప్పాను.

చాలాసేపు చూసింది. నోటి మీద ఉన్న చేయి ఎప్పుడు ఒళ్ళోకి దిగిందో ఆమెకు తెలియలేదు.

"మేడమ్, ఇవి నా పండ్లే" అంది.

నేను జవాబు చెప్పే లోపల నోరు తెరిచి, వెలుతురు వైపు తిరిగి, పెదవి పైకెత్తి చూపించింది. ఆ అమ్మాయి అంతవరకు ఎవరికీ అలా చూపించి ఉండదు. అదే జత, అదే ఎత్తు, అవే పట్టీలు.

"ఈ పాపకు ఎంత వయసు?"

తొమ్మిదో పదో అన్నాను.

"నాకూ ఆ వయసులోనే బడిలో అందరూ చూసేది మొదలుపెట్టినారు. హాస్టల్లో చేరితే పాన్‌పరాగ్ నములుతావా అని అడిగినారు. మా అత్త ఏమీ అనదు. కానీ మనవడికి కూడా ఇట్లే వస్తాయా అని మా ఆయన్ను అడిగిందంట. వంశం అనుకొంటిమి మేడమ్. అమ్మ శాపమంటుంది. ఇది పాండవుల బిడ్డకూ ఉందే, అయితే వంశమెట్లా అవుతుంది?"

ఆమె తెలివిగల పిల్ల. నేను రెండే ప్రశ్నలు అడిగాను. ఊళ్ళో ఉండే పెదనాన్న పిల్లలకు పళ్ళు ఎలా ఉన్నాయని ఒకటి. మీరు ఎక్కడి నీళ్ళు తాగుతారని ఒకటి. వాళ్ళ పళ్ళు బాగున్నాయట, వాళ్ళు తాగినవి ఊరి బావి నీళ్ళు. వీళ్ళవి గుట్ట కింది నీళ్ళు. మొదట అక్కడ ఊట ఉండేదట, తాత దాన్నే బావిగా తవ్వించాడు, బావి ఎండిపోయాక నాన్న అందులోనే బోరు వేయించాడు. కావేరి పైపు నీళ్ళు తరువాత ఊళ్ళోకి వచ్చాయి గాని, దూరంగా చేలల్లో ఉన్న ఇళ్ళదాకా రాలేదు.

సాయంత్రం సెల్వరాజన్‌కు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. నివేదిక పైవాళ్ళకు చేరి ఆమోదం పొందేదాకా తవ్వకపు ఫలితం భూమి యజమానికి చెప్పకూడదన్నది నియమం. పైగా పాత సమాధిలో జబ్బు దొరికిందని ఒక్కమాట పొక్కితే టీవీవాళ్ళు శాపమని కథలు అల్లుతారు, ఈ చేలోని టమాట కూడా ఎవరూ కొనరు, అప్పుడు ఆ కుటుంబానికి ఎవరు జవాబు చెబుతారని అడిగాడు. ఆ భయం తప్పని నేను అనలేను. నేను కూడా ఉద్యోగమంతా ఆ నియమం పాటించినదాన్నే.

సమాధి గురించి ఒక్కమాట చెప్పను, ఇరుగింటి మనిషిలాగా నీళ్ళు పరీక్ష చేయించుకోమని మాత్రం చెబుతాను, దానికి పై అధికారుల అనుమతి అక్కరలేదన్నాను. కడుపుతో ఉన్న పిల్ల ఆ నీళ్ళే తాగుతోంది, రేపు పుట్టే బిడ్డకూ అవే కాచి పోస్తారు, మన నివేదిక ఆమోదానికి ఏడాది పడుతుంది అన్నాను.

ఆయన చేతిలోని నీళ్ళ సీసా వైపు చూశాడు. మా శిబిరానికీ నీళ్ళు ఆ బోరు నుంచే వచ్చేవి. లేచి వెళ్ళి ఆ నీళ్ళు మట్టిలో పారబోశాడు. మర్నాడు కృష్ణగిరిలో మీటింగు ఉందని, ఒక శుభ్రమైన సీసాలో బోరు నీళ్ళు పట్టించి ఇస్తే అక్కడి పరీక్షా కేంద్రంలో తానే ఇచ్చి వస్తానన్నాడు.

ఫలితం నేననుకున్నట్టే వచ్చింది. తాగడానికి పనికిరావని, ఫ్లోరైడు హద్దు బాగా మించిందని. రామచంద్రప్ప ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని, మోపెడ్‌కు రెండు క్యాన్లు కట్టుకుని ఊరి కొళాయికి వెళ్ళాడు. ఆ రోజు మొదలు తాగడానికీ వండడానికీ ఆ నీళ్ళే. పవిత్ర తల్లిని హోసూరుకు తీసుకువెళ్ళి ఎక్స్‌రే తీయించింది. ఎముకల డాక్టరు చూసి జబ్బు పేరు చెప్పాడు. బిగిసినది మళ్ళీ విడదని, నీళ్ళు మారిస్తే ఇంక ముదరకుండా ఆగవచ్చని, నొప్పి కొంత తగ్గవచ్చని చెప్పాడు. పవిత్ర ఆ ఫిల్ములు తెచ్చి నా చేతిలో పెట్టింది. ముంజేతి ఫిల్మును ఎండకు ఎత్తి చూశాను. రెండు ఎముకల మధ్య అవే ముళ్ళు.

శాపం కాదని తెలిస్తే సరోజమ్మ మనసు తేలికపడుతుందనుకున్నాను. అలా జరగలేదు. ఆమె రెండు రోజులు వసారాలోకి రాలేదు. మూడోనాడు నేను వెళ్ళేసరికి వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"శాపమైతే ఎవరో పెట్టినారు అనుకొంటిని. ఇప్పుడు చూస్తే నేనేనమ్మా. నా చేత్తోనే తాపినాను. పాలు చాలకపోతే ఆ నీళ్ళు కాచి, చక్కెర వేసి, గిన్నెతో పోసినాను దానికి. మా మామకు కడాకు, పోయేటప్పుడు నోట్లో పోసింది కూడా ఆ నీళ్ళే, నేనే పోసినాను" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

మీకు తెలియదు కదమ్మా అన్నాను. తెలియకపోతే మాత్రం తాపింది నేనే కదా అంది. అది నిజమే. అప్పుడు నేను సెల్వరాజన్‌కు ఇచ్చిన మాట తప్పాను. రండి, ఒకరిని చూపిస్తాను అని ఆమెను చెయ్యి పట్టుకుని గుట్ట వారకు నడిపించుకు వెళ్ళాను. సెల్వరాజన్ గుడారం ముందు నిలబడి చూశాడు. ఆపలేదు. కూర్చోవడానికి కుర్చీ తెచ్చి గది అంచున వేశాడు.

సరోజమ్మ వంగి చూడలేని మనిషి గనుక కుర్చీని కొంచెం వాల్చి పట్టుకున్నాం. ఇద్దరూ అలాగే పడుకుని ఉన్నారు, పరీక్షకు తీసిన ముక్కలు తప్ప ఇంకా ఏమీ ఎత్తలేదు. పెద్దావిడ వెన్ను చూపించి, ఈమెకూ మీలాగే బిగిసింది అన్నాను. పిల్ల పళ్ళు చూపించి, ఈ బిడ్డకూ పవిత్రలాగే అన్నాను. ఈమె ఆ బిడ్డకు తల్లో, నాయనమ్మో, అత్తో నేను చెప్పలేను. ఎవరైనా గానీ, ఆ ఊట నీళ్ళే తాపి ఉంటుంది. అప్పుడు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, మీకు చెప్పడానికి వీళ్ళు ఉన్నారు అన్నాను.

ఆమె చూపు పెద్దావిడ తల దగ్గర ఆగింది. "తల కింద ఏమమ్మా అది, తెల్లగా?" అని అడిగింది.

ఇసుక అన్నాను. మెడ వాలదు గనుక దిండులాగా పోశారని చెప్పాను.

"ఎవురో యాడినుంచో తెచ్చినారే" అంది. కొంచెంసేపటికి, "నాకూ రెండు దిండ్లు కావాల. పవిత్ర పెడుతుంది. అది లేనప్పుడు ఆయన పెడతాడు" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ సెల్వరాజన్ అటు తిరిగి నిలబడ్డాం.

ఎముకలు ఎత్తే రోజున పూజ చేస్తామన్నారు. కర్పూరం మసి పడితే తరువాతి పరీక్షలు చెడిపోతాయని సెల్వరాజన్ అభ్యంతరం చెప్పాడు. గాలి వాలున, గదికి దూరంగా వెలిగిద్దామని రామచంద్రప్పే దారి చూపించాడు. గులాబీలు మాత్రం అంచున పెట్టుకోనిచ్చాం. ఎముకను ఎత్తడంలో ఒక క్రమం ఉంది. ముందు చిన్నవి, తరువాత పొడుగువి, పుర్రె చివర. కిందనున్న మట్టితో సహా జిగురు గుడ్డ చుట్టి, దూది పరిచిన పెట్టెలో దించుతాం. పెద్దావిడ వెన్ను విడదీయడానికి లేదు గనుక దాని పొడవుకు తగినట్టు ప్రత్యేకంగా పెట్టె చేయించాం. పెట్టె జీపు ఎక్కుతుంటే సరోజమ్మ డ్రైవరును పిలిచింది.

"నిదానంగా పో అప్పా. గుంతలుండాయి. ఆయమ్మ మెడ చూసుకో."

పళ్ళ రసాయన పరీక్ష ఫలితాలు మరుసటి ఏడాది వచ్చాయి. ఒక మాటలో చెప్పాలంటే, చిన్నప్పుడు ఏ నేలలో పండింది తిని ఏ నీళ్ళు తాగామో దాని గుర్తు పంటి పొరలో మిగిలిపోతుంది. రాతిని బట్టి ఆ గుర్తు మారుతుంది. తిన్నది వరి జాతిదా, రాగి జొన్నల జాతిదా అన్నది కూడా పొరలోని కార్బన్ తీరును బట్టి చెప్పవచ్చు. పిల్లది ఈ గుట్ట రాయే, తిన్నది రాగిలాంటి చిరుధాన్యమే. పెద్దావిడ మొదటి దవడపన్ను ఈ రాతిది కాదు. ఒండ్రుమట్టి నేల, తిండి వరి. జ్ఞానదంతానికి వచ్చేసరికి చిరుధాన్యం మొదలైంది.

పెట్టెల పనిమీద కృష్ణగిరి వెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి నివేదిక ఆమోదం పొందింది గనుక ఏ అడ్డూ లేదు. పవిత్రకు కొడుకు పుట్టి, అత్తవారింట మత్తిగిరిలో ఉంది. సరోజమ్మ మెడ అలాగే ఉంది. నొప్పి కొంచెం నయమని, రాత్రి మూడు నాలుగు గంటలు నిద్ర పడుతోందని చెప్పింది. రాగిముద్ద, పప్పు పెట్టి, నేను తింటుండగా అడిగింది.

"ఆయమ్మ పుట్టినిల్లు యాడనో తెలిసిందా?"

నా ఉద్యోగంలో ఎందరో ఆచార్యులకు జవాబులు చెప్పాను. ఆ ప్రశ్నను ఆ మాటల్లో ఎవరూ అడగలేదు. ఊరు చెప్పలేను, దిగువన ఎక్కడో, ఏటి ఒడ్డున వరి పండే చోటని చెప్పాను. వచ్చినప్పుడు పన్నెండేళ్ళ లోపే అన్నాను.

"పెండ్లికి తెచ్చినారా, సాకేదానికి తెచ్చినారా?"

తెలియదన్నాను.

"నేను పదిహేడేండ్లకు వచ్చినాను. మాది డ్యాం కింద ఊరు, మాకూ వరే. వచ్చిన కొత్తలో ముద్ద గొంతు దిగేది కాదు. మా అత్త దగ్గర కూర్చొని, నెయ్యి వేసి, చిన్న చిన్న ఉంటలు చేసి మింగేది నేర్పించింది. ఆయమ్మకు ఎవరు నేర్పించినారో" అంది. నా కంచంలో ఇంకొంచెం నెయ్యి వేసింది.

తరువాత నేను పదవీ విరమణ చేశాను. రామచంద్రప్ప ఇల్లూ, ఆ వైపు చేలల్లోని ఇంకో నాలుగైదు ఇళ్ళూ కలిసి అడగగా అడగగా పైపు అక్కడిదాకా వచ్చిందని సెల్వరాజన్ ఫోనులో చెప్పాడు. పోయిన ఏడాది పవిత్ర తన కొడుకు ఫోటో పంపింది. పాలపళ్ళు ఊడి, ముందర రెండు కొత్త పళ్ళు వచ్చాయి. వాడు కెమెరాకు మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి నవ్వాడు. వృత్తి అలవాటు కొద్దీ పెద్దది చేసి చూశాను. కుడీ ఎడమా రెండూ తెల్లగా, నున్నగా ఉన్నాయి. వాడి వెనక పవిత్ర కూడా నవ్వుతోంది. ఆమె పళ్ళు మారలేదు, మారవు. చేతులు రెండూ వాడి భుజాల మీద ఉన్నాయి.

ఆ పని నాకు ఒక పద్ధతి నేర్పింది. పాత ఎముకల దగ్గరికి వెళ్ళేముందు ఆ చుట్టుపక్కల ఇప్పుడు బతుకుతున్నవాళ్ళు ఎలా నడుస్తున్నారో, ఏం తింటున్నారో, ఎక్కడి నీళ్ళు తాగుతున్నారో చూడాలి. మనుషులు మారతారు గాని కింద రాయి మారదు, రాతిలోంచి వచ్చే నీళ్ళు అంత త్వరగా మారవు. ఆ కాలపు ఊటలో ఫ్లోరైడు ఎంత ఉండేదో నేను ఇప్పటికీ చెప్పలేను, నివేదికలో కూడా అలాగే రాశాను. ఇక నియమం సంగతి. అది మంచి నియమమే, తొందరపాటు మాటల వల్ల జరిగే చెరుపు నాకు తెలుసు. కాని ఎముకలు ఆగగలవు, ఒక ఏడాది ఆలస్యమైతే వాటికి వచ్చే నష్టం లేదు. నీళ్ళు తాగేవాళ్ళు ఆగలేరు. ఆ తరువాత నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు, ఈ రెండింటిలో ఏది ముందో ఎవరినీ అడగకుండానే తెలుసుకోమని చెప్పాను.